చిన్న క్రాస్ కుక్కకి స్నానం చేయించే ముందు జాగ్రత్తలు

మాది విజయనగరం, మా బుజ్జిగాడు సగం పొమేరియన్, సగం మా వీధి కుక్క, ఆరు కేజీలుంటాడు అంతే, కానీ బకెట్ చప్పుడైతే చాలు మంచం కిందకి దూరిపోతాడు.

ముందు దువ్వండి. పొమేరియన్ పోలిక వస్తే బొచ్చు రెండు పొరలుంటాది, లోపలిది దూదిలా, పైది పొడుగ్గా, చిక్కు విప్పకుండా తడిపేస్తే గట్టిగా బిగిసిపోద్ది, ఇంక కత్తిరించడమే. చెవుల వెనక, చంకల్లో ఎక్కువ చూడాలి.

దువ్వినప్పుడే పిడుదులు కనిపిస్తాయి, మావోడికి వేళ్ల సందుల్లోనే దొరుకుతాయి ఎప్పుడూ. కిరసనాయిలు పొయ్యొద్దు బాబూ, పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగండి. మెడ మీద వేసే పిడుదుల మందు వేసి రెండ్రోజులు కాకపోతే స్నానం ఆపండి, మందు కొట్టుకుపోద్ది.

తిన్న వెంటనే వద్దు. నీళ్లు గోరువెచ్చగా, మోచేతి మీద పోసుకుని చూడండి. మన షాంపూ వద్దు, ఫినాయిలు అసలే వద్దు. చెవుల్లోకి నీళ్లెళ్తే చీము పట్టొచ్చు, తల మీద పొయ్యకుండా తడిగుడ్డతో తుడిచేయండి. జారకుండా కింద పాత గోనెసంచి వెయ్యండి.

తువ్వాలు రెండు దగ్గర పెట్టుకోండి, చిన్న ఒళ్లు కదా బేగి చల్లబడిపోద్ది, చలికాలం అయితే ఎండెక్కాకే మొదలెట్టండి.

ఎండలని గుండు మాత్రం గీయించకండి, పోయినేడు మేం గీయిస్తే నడుం మీద బొచ్చు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.