ఈఎస్‌బీఎల్ టెస్టు నెగెటివ్ వచ్చింది కానీ నమ్మాలనిపించట్లేదా? ముందు ఇవి చూడండి

ఈఎస్‌బీఎల్ అంటే సెఫోటాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లని కోసేసే బ్యాక్టీరియా ఎంజైమ్, దాన్ని క్లావులనేట్ ఆపుతుంది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాకి సెఫోటాక్సిమ్ డిస్కు చుట్టూ జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ) చిన్నగా వచ్చింది, సరే కన్ఫర్మ్ చేద్దామని క్లావులనేట్ కలిపిన డిస్కు కూడా పెట్టాం, పొద్దున వచ్చి స్కేలు పెట్టి కొలిస్తే రెండు జోన్లూ దాదాపు ఒకటే. 5 ఎంఎం తేడా ఉంటేనే ఈఎస్‌బీఎల్ అంటాం కదా, ఇక్కడ 2 కూడా లేదు. వెంటనే నెగెటివ్ అని రాసేయకండి.

మొదటి అనుమానం డిస్కు మీదే. క్లావులనేట్ తేమకీ వేడికీ అస్సలు ఆగదు, సెఫోటాక్సిమ్ బానే ఉన్నా అది ముందే చచ్చిపోతుంది. మా దగ్గర ఒకసారి కార్ట్రిడ్జ్‌ని (డిస్కులు పేర్చిన గొట్టం) ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే విప్పేవాళ్ళు, లోపల సన్నగా చెమ్మ పట్టి డిస్కులు ఒకదానికొకటి అతుక్కుని జంటగా పడేవి, అప్పటిగ్గానీ మాకు అర్థం కాలేదు. విప్పే ముందు గంటా రెండు గంటలు బయట ఉంచండి. ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లా (టెస్టు సరిచూసుకునే ప్రామాణిక స్ట్రెయిన్) పెట్టి చూడండి, అది పక్కా ఈఎస్‌బీఎల్, దానికి కూడా సెఫ్టాజిడిమ్‌కి క్లావులనేట్ కలిపినప్పుడు జోన్ 5 ఎంఎం పెరగకపోతే ఆ కార్ట్రిడ్జ్ పారేయాల్సిందే. ఖరీదైనదే, మనసొప్పదు, కానీ తప్పుడు రిపోర్టు వెళ్తే పేషెంటుకి పనిచెయ్యని మందు ఎక్కుతుంది.

డిస్కు బాగుంటే సెఫాక్సిటిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ జోన్ చూడండి. దానికి కూడా రెసిస్టెంట్ అయితే ఆంప్‌సీ అనే వేరే ఎంజైమ్ ఉండొచ్చు, దాన్ని క్లావులనేట్ ఆపలేదు, ఎంటరోబాక్టర్ అనే బ్యాక్టీరియాలో అయితే ఇంకా రెచ్చగొడుతుంది, దాంతో కిందున్న ఈఎస్‌బీఎల్ కనపడదు. సెఫెపిమ్ అనే మందుని ఆంప్‌సీ అంతగా కొయ్యలేదు కాబట్టి సెఫెపిమ్ ఒకటి, సెఫెపిమ్ ప్లస్ క్లావులనేట్ ఒకటి పెట్టి మళ్ళీ చూడండి.

సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ రెండూ పెట్టాలి, ఒకటి చాలదు. ఈఎస్‌బీఎల్‌లలో సీటీఎక్స్-ఎం రకం ఎంజైములు ఎక్కువగా సెఫోటాక్సిమ్‌నే కొడతాయి, ఎస్‌హెచ్‌వీ రకంలో కొన్ని సెఫ్టాజిడిమ్‌ని. రెండిటినీ కొట్టే సీటీఎక్స్-ఎం-15 మొదట బయటపడింది 1999లో ఢిల్లీలో తీసిన ఐసోలేట్లలోనే (శాంపిల్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా).

ఏటీసీసీ 25922 ఈ.కోలైకి సెఫోటాక్సిమ్ జోన్ 29-35 ఎంఎం మధ్య రాకపోతే మాత్రం తప్పు ప్లేటుది. అగార్ 4 ఎంఎం మందం ఉందా, సస్పెన్షన్ (బ్యాక్టీరియా కలిపిన ద్రవం) చిక్కదనం 0.5 మెక్‌ఫార్లాండ్ ఉందా, కలిపాక 15 నిమిషాల్లో స్వాబ్ చేశారా చూడండి. చిక్కగా అయితే జోన్లన్నీ కుంచించుకుపోతాయి.

ఇవన్నీ సరిచేసినా తేడా రాకపోతే ఆ ఐసోలేట్‌ని పారేయకుండా గ్లిజరాల్‌లో దాచి జీన్ పీసీఆర్‌కి పంపండి.