ఆన్‌లైన్‌లో స్లాక్ కీ గిటార్ గోష్ఠి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

హవాయి దీవుల్లో స్లాక్ కీ గిటార్ పెద్ద వేదికల మీద కన్నా ఇంటి అరుగు మీద, పెరట్లో, నలుగురు చేరి వాయించుకునే చోటనే ఎక్కువగా పెరిగింది. 1830ల ప్రాంతంలో మూడవ కమేహమేహా రాజు పశువుల మందలను అదుపు చేసే పని నేర్పించడానికి మెక్సికన్ పశుపాలకులను రప్పించాడు. వారి వెంట వచ్చిన గిటార్‌ను దీవులవాసులు తీగలు సడలించి, తమ పాటలకు అనువుగా శ్రుతి చేసుకున్నారు. బొటనవేలు మంద్ర తీగల మీద నడకను నిలుపుతుంటే, మిగిలిన వేళ్లు పై తీగల మీద పాటను పలికిస్తాయి. మన దేశంలో హవాయియన్ గిటార్ అనగానే గుర్తుకు వచ్చే, ఒడిలో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించే వాద్యం వేరు, ఇది వేరు.

దూరాన ఉన్న మిత్రులతో జామ్యులస్, సోనోబస్, జాక్‌ట్రిప్ వంటి సాఫ్ట్‌వేర్‌ల ద్వారా ఈ సంగీతం వాయించేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలావాటిని “నెట్ స్లోగా ఉంది” అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం అలవాటైంది. నిజానికి వాటిలో ఎక్కువ భాగం మన గదిలోనే, మన కంప్యూటర్‌లోనే పుడతాయి. స్లాక్ కీకి ప్రాణమైనవి రెండు: తెగని బొటనవేలి నడక, వదిలేసిన తీగల్లో నిలిచి మోగే నాదం. ఆన్‌లైన్ ఆడియో ముందుగా దెబ్బతీసేవి కూడా ఈ రెండే. అందుచేత ఏ చిక్కు వచ్చినా ముందు గదిని, తరువాత ఇంటి నెట్‌వర్క్‌ను, చివరగా దూరాన్ని అనుమానించడం మంచిది.

పాట సాగుతున్నకొద్దీ నడక మందగించడం

మొదటి చరణం చక్కగానే సాగుతుంది. రెండో చరణానికి ఏదో బరువు లాగుతున్నట్టు ఉంటుంది, మూడో చరణానికి ఇద్దరూ నింపాదిగా వాయిస్తుంటారు. ఎవరి వేళ్లలోనూ తప్పు ఉండదు. అవతలివారి శబ్దం కాస్త ఆలస్యంగా చేరడం వల్ల ప్రతి ఒక్కరూ ఎదుటివారి కోసం ఒక వెంట్రుకవాసి ఆగుతారు, ఆ ఆగడం మళ్లీ అవతలికి ఆలస్యంగా చేరుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టిన ఇద్దరిద్దరి చేత చప్పట్లతో లయ వేయించి చూసినప్పుడు, ఆలస్యం పెరిగినకొద్దీ లయ మందగించిందని, ఆలస్యం మరీ తక్కువైతే లయ స్వల్పంగా పరుగెత్తిందని తేలింది.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. ఎదురెదురుగా రెండు మీటర్ల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య కూడా 6 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, దాన్ని ఎవరూ గమనించరు. ఒకవైపు ఆలస్యం 25 మిల్లీసెకన్లు దాటిన తరువాత, అంటే ఎనిమిదిన్నర మీటర్ల ఎడంగా కూర్చున్నంత దూరం దాటిన తరువాత, లయను నిలపడానికి ప్రయత్నం చేయవలసి వస్తుంది. ఆ ఆలస్యం నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా పోగవుతుంది: గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్, శబ్దాన్ని కొద్దికొద్దిగా పోగుచేసి పంపే కంప్యూటర్ బఫర్, నెట్‌వర్క్, ఆలస్యంగా వచ్చే ముక్కల కోసం కాస్త ఆగే అవతలి జిట్టర్ బఫర్, చివరగా హెడ్‌ఫోన్స్. సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసే 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లే, 1024 శాంపిళ్లయితే 21 మిల్లీసెకన్లు దాటుతుంది. పక్క ఊరి మిత్రుడితో కూడా నడక కుదరడం లేదంటే ఇక్కడ వెతకాలి.

మొదట బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టండి. అవి ఒక్కటే సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల వరకూ, కొన్నిసార్లు అంతకు మించి ఆలస్యం చేర్చుతాయి, వైరు ఉన్నవి తప్పనిసరి. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వాడండి, అది లేనప్పుడే ఏసియోఫోర్‌ఆల్ అనే సాధారణ డ్రైవర్ వైపు చూడండి. బఫర్‌ను 128కి దించి, చిటపటలు రాకపోతే 64కి కూడా దించి చూడవచ్చు.

తరువాతిది చాలామంది పట్టించుకోనిది. జామ్యులస్ వంటి, సర్వర్ ద్వారా నడిచే సాఫ్ట్‌వేర్‌లో మీ గిటార్ శబ్దం సర్వర్‌కు వెళ్లి అందరి శబ్దంతో కలిసి తిరిగి వస్తుంది. మీరు ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ (మీ శబ్దాన్ని కంప్యూటర్‌కు వెళ్లకముందే మీకు వినిపించే ఏర్పాటు) తెరిచి ఉంచితే మీ శబ్దాన్ని ఆలస్యం లేకుండా వింటూ, దానికి కలవడం లేదని మిత్రులను నిందిస్తూ ఉంటారు. అది మూసేసి, సర్వర్ నుంచి తిరిగి వచ్చే మీ శబ్దాన్నే వింటూ వాయించాలి. మొదట వేళ్లకు, చెవికి మధ్య ఎడం ఇబ్బందిగా ఉంటుంది కానీ, అందరూ ఇదే నియమం పాటిస్తే లయ దానంతట అదే చాలావరకు కుదుటపడుతుంది. అకౌస్టిక్ గిటార్ శబ్దం చెవికి నేరుగా కూడా తగులుతుంది కనుక చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ అవసరం.

ఇవన్నీ సరిచేసినా మిగిలేది దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు. హైదరాబాద్, విశాఖపట్నాల మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు కనుక కాంతి వంతు రెండున్నర మిల్లీసెకన్లే. కేబుల్ దారి చుట్టు తిరిగినా హాయిగా వాయించుకోవచ్చు. హొనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 3,850 కిలోమీటర్ల చిల్లర, అంటే కాంతికే 19 మిల్లీసెకన్లు, పరికరాల ఆలస్యం కలిస్తే 25 దాటుతుంది. అలాంటి జంటకు నేను నెమ్మదైన పాటలనే సూచిస్తాను: నిమిషానికి 80 మాత్రల నడకలో అర మాత్ర 375 మిల్లీసెకన్లు ఉంటుంది, అందులో 30 మిల్లీసెకన్ల తేడాను సంగీతం భరిస్తుంది.

ఇక్కడ స్లాక్ కీ స్వభావమే ఒక దారి చూపుతుంది. ఈ శైలిలో పై తీగల పాట బొటనవేలి నడకకు కాస్త ముందో వెనకో పడుతూ సాగడం సహజమే కాబట్టి, పాట కొద్దిగా ఆలస్యమైనా చెవికి కటువుగా ఉండదు. ఇద్దరి బొటనవేళ్లూ ఒకేసారి మంద్ర తీగలను మీటినప్పుడే ఆలస్యం జంట దెబ్బలుగా బయటపడుతుంది. అందుచేత బొటనవేలి బాధ్యతను ఒక్కరికే అప్పగించండి. ఆ ఒక్కరు అవతలివారి కోసం ఆగకుండా నడవాలి, మిగిలినవారు పై నాలుగు తీగల్లోనే ఉండి అనుసరించాలి. చరణం చరణానికి ఆ బాధ్యతను మార్చుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

మోగుతున్న తీగ మధ్యలో మాయమవడం

మీటిన క్షణం స్పష్టంగా వినిపిస్తుంది, తరువాతి నాదం ఎవరో గొంతు నొక్కినట్టు తెగిపోతుంది. మీటకుండా ఎడమచేతి వేళ్లతోనే తీగను కొట్టి, లాగి పలికించే హామర్-ఆన్‌లు, పుల్-ఆఫ్‌లు వినిపించవు, తీగను తేలికగా తాకి పలికించే హార్మోనిక్స్ అసలే చేరవు. ఇద్దరూ కలిసి వాయించినప్పుడు ఒకరి గిటార్ మొత్తంగా మాయమవుతుంది. వాయించేవారు పాపం మరింత గట్టిగా మీటుతారు, దానితో ఈ సంగీతంలోని మెత్తదనం కూడా పోతుంది.

వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ మాట కోసం తయారైంది. మాట ఆగి ఆగి వస్తుంది, ఫ్యాన్ రొద నిలకడగా ఉంటుంది. అందుచేత నిలకడగా ఉన్న ప్రతి శబ్దాన్నీ రొదగా లెక్కించి తగ్గించడం నాయిస్ సప్రెషన్ పని. సడలిన తీగ నిలకడగా మోగడమే స్లాక్ కీ అందం కనుక, ఆ అందాన్నే అది రొదగా పోల్చుకుంటుంది. ఎకో క్యాన్సలేషన్ రెండు గిటార్లు ఒకేసారి పలికినప్పుడు ఒకదాన్ని ప్రతిధ్వనిగా భావించి అణచివేస్తుంది. ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ బొటనవేలి దెబ్బకు స్థాయిని తగ్గించి, వెంటనే వచ్చే సున్నితమైన స్వరాన్ని ముంచుతుంది.

జూమ్ వాడుతుంటే “ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్” ఎంపికను తెరిచి, అందులో ఎకో క్యాన్సలేషన్‌ను కూడా ఆపండి. అలా ఆపాక స్పీకర్లు వాడకూడదు. అయితే జూమ్ ఆలస్యం కలిసి వాయించడానికి సరిపోదని, ఒకరు వాయించి చూపిస్తే మరొకరు తిరిగి వాయించే పాఠాలకే అది పనికొస్తుందని గుర్తుంచుకోవాలి. జామ్యులస్, జాక్‌ట్రిప్ వాటంతట అవి రొద తీసివేయవు. అక్కడా నాదం తెగుతోందంటే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, ల్యాప్‌టాప్ తయారీదారు పెట్టిన మైక్ శుభ్రపరిచే ప్రోగ్రామ్, మ్యాక్‌లో వాయిస్ ఐసొలేషన్ వీటిలో ఏదో ఒకటి పనిచేస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్ సొంత మైకు 73 హెర్ట్జ్ దగ్గర పలికే ఆరో తీగను సరిగా పట్టుకోలేదు. చిన్నదైనా ఒక కండెన్సర్ మైకును సౌండ్‌హోల్‌కు ఎదురుగా కాకుండా మెడ, బాడీ కలిసే చోటుకు గురిపెట్టి, జానెడు దూరంలో ఉంచితే తేడా వెంటనే తెలుస్తుంది.

చిటపటలు, తునకలు

శబ్దాన్ని మోసుకొచ్చే ప్యాకెట్లు (చిన్న డేటా ముక్కలు) సమంగా రాకపోవడమే శబ్దం చిటపటలాడడానికి, తునకలుగా తెగడానికి కారణం. మైళ్ల కొద్దీ కేబుల్ కన్నా పక్క గదిలోని వైఫైయే దీనికి ఎక్కువ కారణమవుతుంది. రూటర్ నుంచి ఈథర్నెట్ కేబుల్ లాగండి, అది ఎంత పొడవైనా సరే. కేబుల్ వేసినా సాయంత్రాల్లో చిటపటలు వస్తుంటే ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో చూడండి, అప్‌లోడ్ నిండిపోయినప్పుడు రూటర్‌లో మీ శబ్దం క్యూలో నిలబడుతుంది. అన్నీ సరిగా ఉన్నా పోకపోతే జిట్టర్ బఫర్‌ను ఒక్కో మెట్టు పెంచండి, ఆ మేరకు ఆలస్యం కూడా పెరుగుతుంది. ప్లాన్ వేగం పెంచుకోవడం వల్ల సాధారణంగా లాభం ఉండదు: జాక్‌ట్రిప్‌లో కుదించని 16 బిట్ స్టీరియో శబ్దానికి కూడా ఒకవైపు సుమారు 1.5 మెగాబిట్లే కావాలి.

శ్రుతి సరిగా ఉన్నా అపశ్రుతిగా వినిపించడం

దీనికి కారణాలు నాలుగు, ఒకదానికొకటి సంబంధం లేనివి.

మొదటిది మన కరెంటు. భారతదేశంలో విద్యుత్ 50 హెర్ట్జ్, దాని హమ్ (గుయ్‌మనే రొద) 50, 100, 150, 200, 250 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. ఎక్కువమంది వాడే టారో ప్యాచ్ శ్రుతిలో తీగలు మంద్రం నుంచి డి, జి, డి, జి, బి, డి; వాటిలో ఐదో తీగ 98, నాలుగోది 147, మూడోది 196, రెండోది 247 హెర్ట్జ్. అంటే హమ్ దాదాపు ప్రతి తీగ పక్కనే కాస్త పై శ్రుతిలో మోగుతూ, ఐదో తీగతో సెకనుకు రెండుసార్లు అలలు (శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండడం) పుట్టిస్తుంది. మామూలు శ్రుతిలో ఐదో తీగ 110 హెర్ట్జ్ కనుక ఈ నిదానమైన అల అక్కడ రాదు. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న హవాయిలో వాయించేవారికి కూడా ఈ బాధ ఇంతగా ఉండదు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోతే ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు మారాలి. ఎర్త్ పిన్నును తొలగించడం ప్రాణాపాయం, ఆ పని ఎన్నడూ చేయవద్దు.

రెండోది సడలించిన తీగ. టారో ప్యాచ్ కోసం ఆరు, ఐదు, ఒకటో తీగలను ఒక్కో పూర్తి స్వరం దించగానే మెడ మీద లాగుడు తగ్గి, మెడ కొద్దిగా వెనక్కి వాలుతుంది, దానితో తీగలన్నీ శ్రుతిలో పైకి పాకుతాయి. గోష్ఠికి ముందే శ్రుతి మార్చి, కొన్ని నిమిషాలు వదిలేసి, ఆరు తీగలనూ మళ్లీ చూసుకోవాలి. దించేటప్పుడు కావలసినదానికన్నా కొంచెం కిందికి పోయి పైకి రావాలి.

మూడోది ఒప్పందం లేకపోవడం. ఒకరి ట్యూనర్‌లో ఆధారస్వరం ‘ఏ’ 440 హెర్ట్జ్ మీద, మరొకరిది 442 మీద ఉండవచ్చు. కొందరు వాద్యకారులు మేజర్ కార్డ్ తీయగా పలకడం కోసం రెండో తీగను ట్యూనర్ చూపినదానికన్నా సుమారు 14 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువగా పెడతారు. ఒకరు అలా పెట్టి మరొకరు పెట్టకపోతే ఆ ఒక్క తీగ మీదే అలలు వస్తాయి. ఒకప్పుడు హవాయి కుటుంబాలు తమ శ్రుతులను బయటికి చెప్పేవి కావు. ఈనాటికీ “నీ తీగలు ఏ స్వరాల్లో ఉన్నాయి” అని అడగకుండానే వాయించడం మొదలుపెట్టేవారు ఉన్నారు. మిత్రుడు జి వహీనే అనే మరో శ్రుతిలో ఉంటే అతని మూడో తీగ జి కాదు, ఎఫ్ షార్ప్. నిజానికి ఇద్దరు రెండు శ్రుతుల్లో వాయించడం ఈ సంప్రదాయంలో మెచ్చదగిన పద్ధతే. కలవవలసింది కీ, కాపో (తీగలను నొక్కి ఉంచే బిగింపు) స్థానం, ట్యూనర్ ఆధారస్వరం.

నాలుగోది అవతలి గిటార్ మొత్తంగా సుమారు ఒకటిన్నర సెమిటోన్లు (అర స్వరాలు) తేడాగా వినిపించడం. ఒకరి కంప్యూటర్ శాంపిల్ రేటు 44.1 మీద, మరొకరిది 48 కిలోహెర్ట్జ్ మీద ఉందన్నమాట. జాక్‌ట్రిప్‌లో ఇద్దరూ ఒకే విలువ పెట్టుకోవాలి.

అసలు కనెక్షనే కుదరకపోవడం

సోనోబస్‌లో మిత్రుడి పేరు కనిపించి కూడా శబ్దం రాకపోతే, మీ నెట్ కంపెనీ అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు. మన దేశంలో ఇది సర్వసాధారణం. రెండు ఇళ్ల కంప్యూటర్లు నేరుగా కలుసుకోలేనప్పుడు మధ్యలో ఒక సర్వర్ పెట్టుకోవడమే తేలిక: జామ్యులస్‌లో సర్వర్ ఒక్కదానికి యూడీపీ 22124 పోర్ట్ తెరిస్తే చాలు, వాయించేవారి ఇళ్లలో ఏమీ తెరవనక్కరలేదు. సభ్యులందరూ తెలుగు రాష్ట్రాల్లో ఉంటే ముంబైలోనో హైదరాబాద్‌లోనో చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకోండి. ఎక్కడో యూరప్‌లోని ఉచిత సర్వర్‌లో కలుసుకుంటే పక్క వీధి మిత్రుడు కూడా ఖండాంతరం అవుతాడు.

మిత్రుడు హవాయిలోనే ఉంటే

హైదరాబాద్, హొనొలులుల మధ్య 12 వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. కాంతికే ఒకవైపు 60 మిల్లీసెకన్లు పడుతుంది, అసలు కేబుల్ దారి ఇంకా పొడవు. ఈ దూరంలో ఒకే లయలో కలిసి వాయించడానికి ఏ సెట్టింగూ సహాయపడదు, దానికోసం డబ్బు ఖర్చుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. పొరలు పొరలుగా రికార్డు చేసి పంపుకోవడమే సరైన దారి. బొటనవేలి నడక బలంగా ఉన్నవారు ముందుగా రెండు బార్ల (తాళావర్తాల) లెక్క వేసి, పాట మొత్తం వాయించి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్‌గా పంపాలి, ఎంపీ3 వద్దు. రెండోవారు దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ తమ వంతు మాత్రమే విడి ఫైల్‌గా, అదే లెక్క నుంచి మొదలుపెట్టి రికార్డు చేయాలి. తరువాతి పాటకు వరుస తిరగేయాలి, లేకపోతే ఎప్పుడూ ఒక్కరే అనుసరించేవారుగా మిగిలిపోతారు. మాట్లాడుకోవడానికి వీడియో కాల్ పెట్టుకుంటే, హైదరాబాద్‌లో ఉదయం 9 గంటలైనప్పుడు హొనొలులులో అంతకుముందు రోజు సాయంత్రం 5:30 అవుతుంది. హవాయిలో గడియారాలను వేసవికి ముందుకు జరిపే పద్ధతి లేదు కనుక ఈ పదిహేనున్నర గంటల తేడా ఏడాదంతా మారదు, వారానికి ఒక వేళ నిర్ణయించుకుంటే అదే నిలబడుతుంది.