తెరచాప పడవ లైఫ్‌లైన్లకు ఉక్కు తీగకు బదులు డైనీమా తాడు

మనుషులు నీటిలో పడకుండా డెక్కు అంచున నిలువు కమ్మీల మీదుగా కంచెలా సాగే లైఫ్‌లైన్లకు స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ వాడటం పాత అలవాటు. అయితే ప్లాస్టిక్ తొడుగు వేసిన తీగ లోపల తుప్పు పట్టినా పైకి కనిపించదు. డైనీమా అనే బలమైన కృత్రిమ పోగుల తాడు నీటిపై తేలేంత తేలిక, తుప్పు పట్టదు, దాని అరుగుదల కంటికి తెలుస్తుంది.

ముందుగా పరీక్షించవలసింది తాడును కాదు, కమ్మీలను. పాత తీగ రాపిడికి వాటి రంధ్రాల అంచులు పదునెక్కి ఉంటాయి కనుక, ప్రతి రంధ్రంలో దూది ఉండను తిప్పి చూసి, ఒక్క పోగు చిక్కుకున్నా అక్కడ సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఈ పని విసుగనిపించినా దాటవేయరాదు.

కొనలకు ముడి వేయకూడదు. ముడి తాడు బలాన్ని సగానికి తగ్గించవచ్చు, పైగా ఈ జారుడు పోగుల్లో అది నిలవదు. 12 పేటల బోలు తాడు కొనను థింబుల్ (తాడు మడత అరగకుండా కాపాడే గాడి వలయం) చుట్టూ తిప్పి, తాడు వ్యాసానికి 72 రెట్లు, అంటే 5 మి.మీ. తాడుకు 360 మి.మీ. పొడవున, దాని లోపలికే దూర్చాలి; దూర్చే ముందు చివరి పేటలను ఒక్కొక్కటిగా కత్తిరించి కొనను సన్నబరచి, ఆపై దారంతో కుట్టాలి.

పడవ వెనుక వైపు కొనను అక్కడి కమ్మీకి సన్నని డైనీమా తాడుతో పలు చుట్లు చుట్టి బిగించాలి. స్ప్లైసులు, అంటే ఇలా లోపలికి దూర్చిన అతుకులు, సర్దుకుని తాడు కొద్దిగా వదులవుతుంది కనుక, కొన్ని రోజులకు మళ్లీ బిగించాలి.

పైన సన్నని నూగు లేవడం సహజమే. పేట తెగినా, గట్టిపడి మెరిసినా తాడు మార్చాలి. కొన్ని సముద్ర పందేలు ఉక్కు తీగనే కోరతాయి కాబట్టి, పోటీకి వెళ్లేవారు ముందుగా నిబంధనలు చూసుకోవాలి.