పిల్లలతో అమెరికా చరిత్ర – 3వ పాఠం: పాత ఉత్తరంలో (లేఖలో) ఏముంది, ఏం లేదు?

పోయిన పాఠంలో అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు మీద గొడ్డలి వేసి, తండ్రి దగ్గర నిజం ఒప్పుకున్నాడనే కథ చూశాం. ఆయన 1799లో పోతే, ఆ కథ 1806లో అచ్చులోకి వచ్చింది. "ఈ మాట మొదట ఎవరన్నారు, ఎప్పుడన్నారు?" అని అడగడం పిల్లలకు నేర్పాం. మరి, అక్కడే ఉన్న మనిషి రాసిన కాగితమే దొరికితే దాన్నెలా చదవాలి?

అమెరికాలో చదివే మన పిల్లలు నవంబరు రాగానే మొదటి థాంక్స్‌గివింగ్ (కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ) విందు బొమ్మకు రంగులేస్తారు. నల్ల టోపీల పిల్‌గ్రిమ్స్ (ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు), ఈకలు పెట్టుకున్న నేటివ్ అమెరికన్లు, బల్ల మధ్యలో టర్కీ పక్షి వంటకం. ఆ బొమ్మ దగ్గర పెట్టుకోండి.

మసాచుసెట్స్‌లో పిల్‌గ్రిమ్స్ కట్టుకున్న ఊరు ప్లిమత్‌లో 1621లో జరిగిన ఆ విందులో ఉన్న పిల్‌గ్రిమ్ ఎడ్వర్డ్ విన్‌స్లో, అదే డిసెంబరులో ఇంగ్లండ్‌లోని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అందులో విందు సంగతి నాలుగైదు వాక్యాలే. పిల్లలకు మీరే తెలుగులో చెప్పండి: పంట చేతికొచ్చింది. గవర్నరు నలుగురిని పక్షుల వేటకు పంపాడు. తుపాకుల సాధన చేశారు. అక్కడి నేటివ్ అమెరికన్ తెగ వాంపనోగ్‌ల నాయకుడు మాసాసోయిట్ దాదాపు 90 మందితో వచ్చాడు. మూడు రోజులు విందు సాగింది. వాంపనోగ్‌లు ఐదు జింకల్ని వేటాడి తెచ్చిచ్చారు.

ఇప్పుడు ఒక కాగితం మధ్యలో గీత గీయించండి. ఎడమపక్క బొమ్మలో ఉన్నవి, కుడిపక్క ఉత్తరంలో ఉన్నవి రాయమనండి. థాంక్స్‌గివింగ్ అన్న మాట కుడివైపు రాదు. వాంపనోగ్‌లను విందుకు పిలిచారనీ లేదు. టర్కీ పేరూ లేదు.

ఇక్కడే జాగ్రత్త. "అయితే టర్కీ తినలేదా? మా టీచర్ అబద్ధం చెప్పారా?" అంటారు పిల్లలు. తొందరపడనివ్వకండి. ఉత్తరంలో పక్షులని ఉంది, ఏ పక్షులో లేదు. ఆ కాలంలో అడవి టర్కీలు బాగా దొరికాయని గవర్నరు బ్రాడ్‌ఫర్డ్ తర్వాత రాసిన చరిత్రలో ఉంది. 'జరగలేదు' వేరు, 'ఇందులో చెప్పలేదు' వేరు. ఈ పాఠానికి ప్రాణం ఇదేనని నా నమ్మకం. పాత కట్టుకథ తీసేసి కొత్తది ఎక్కిస్తే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

తర్వాత, ఎవరు ఎవరికి రాశారో అడగండి. "మాకు లోటు లేదు, ఈ సమృద్ధిలో మీకూ భాగముంటే బాగుండు" అన్న అర్థంతో విన్‌స్లో ఆ విందు సంగతి ముగిస్తాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది తొలి చలికాలంలోనే పోయారన్నది ఈ నాలుగైదు వాక్యాల్లో కనపడదు. వాళ్లు ఇళ్లు కట్టుకున్న చోటు అంతకుముందు పటక్సెట్ అనే వాంపనోగ్ ఊరనీ, 1616–1619 మధ్య అంటురోగం దాన్ని తుడిచిపెట్టిందనీ తెలియదు. ఆ విందు గురించి వాంపనోగ్‌లు రాసిన కాగితం లేదు. కానీ వాళ్ల వారసులు మసాచుసెట్స్‌లో ఉన్నారు. 1970 నుంచి థాంక్స్‌గివింగ్ నాడే ప్లిమత్‌లో నేటివ్ అమెరికన్లు సంతాప దినం పాటిస్తున్నారు. ఎందుకో పిల్లల్ని ఊహించమనకండి, వాళ్ల మాటలే వినిపించండి.

ఈ వారం పని: ఎడమపక్క మాత్రమే ఉన్నవాటిలో ఒకటి ఎంచుకుని, అది కథలోకి ఎప్పుడొచ్చిందో వెతకాలి. ఒక ఆధారం ఇస్తాను. ఈ విందును "మొదటి థాంక్స్‌గివింగ్" అన్న ఫుట్‌నోట్ 1841లో అచ్చయింది.

వచ్చే పాఠంలో, బ్రిటిష్ సైన్యం వస్తోందని 1775లో రాత్రివేళ హెచ్చరించడానికి వెళ్లిన పాల్ రివీర్ గుర్రపు సవారీ. 1860లో పుట్టిన పద్యాన్నీ, రివీర్ స్వయంగా రాసుకున్నదాన్నీ పక్కపక్కన పెట్టి చదువుదాం.