ఇంజన్ ఆయిల్ గ్రేడ్ తప్పితే కనిపించే లక్షణాలు

"వైజాగ్ ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదండీ" అంటూ 0డబ్ల్యూ-20 పోయాల్సిన కారులో 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్ కూలెంట్‌ని సుమారు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. బయట 25 ఉందా 38 ఉందా అన్నది అప్పుడు పెద్ద లెక్కలోకి రాదు.

బండి బరువుగా లాగడం, మైలేజీ తగ్గడం, పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు టకటక

ఇవి ఆయిల్ మార్చిన వెంటనే మొదలైతే గ్రేడునే అనుమానించాలి. రెండో అంకె వేడిలో చిక్కదనం చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడ్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, 50 గ్రేడ్ 16.3 దగ్గరే మొదలవుతుంది. సన్నటి ఆయిల్ దారులున్న కొత్త ఇంజన్లలో అంత చిక్కటిది పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలి సంగతి. 10డబ్ల్యూని పరీక్షించేదే మైనస్ 25 దగ్గర, కాబట్టి లంబసింగి చలికి కూడా దిగులక్కర్లేదు.

ఇంజన్ గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం నడిపి ఆపండి. పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూసి మిగతాది కొద్దికొద్దిగా కలపాలి. అయినా టకటక పోకపోతే, ఇంజన్ ఆపాక ఫిల్టర్ లోపలి వాల్వు ఆయిల్‌ని వెనక్కి జారకుండా ఆపలేకపోతోందేమో చూడాలి. చవక ఫిల్టర్లతో ఇదే గొడవ.

గాజువాక ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమనడం

వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. మొదట చూడాల్సింది లెవెల్. అది సరిగ్గా ఉంటే ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ చోట గేజ్ బిగించి కొలిపించండి. కొలవకుండా చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరుతుంది, అరిగిన బేరింగు మాత్రం అరుగుతూనే ఉంటుంది.

బీఎస్6 డీజిల్‌లో లెవెల్ తగ్గాల్సింది పోయి పెరగడం

ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా తిరిగే చిన్న ట్రిప్పుల్లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్)లో చేరిన మసి పూర్తిగా కాలదు. కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద మాక్స్ గీత దాటితే ఆయిల్ మార్చేయాలి. తర్వాత వారానికోసారి ఆనందపురం వైపు హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి. డబ్బా మీద గ్రేడు ఒక్కటే చూస్తే సరిపోదు. మాన్యువల్ సీ3 (బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ రకం) అంటే సీ3యే కొనాలి, బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ డీపీఎఫ్‌ని పూడ్చేస్తుంది.

నీలం పొగ

అనుమానించాల్సినవి వాల్వ్ సీళ్లు, పిస్టన్ రింగులు, పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది). ముందు పీసీవీ చూడండి, ఖర్చు తక్కువ.