ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో గాలి ఎలా నింపాలి? ప్రెషర్ ఎక్కువైతే ఎలా తెలుస్తుంది?

10 మీటర్ల దూరం పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్‌ని బొమ్మ తుపాకీ అనుకునేవాళ్లు నెల్లూరులో ఇంకా ఉన్నారు. అందులోంచి వెళ్లే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బరువు అర గ్రాము, దాంతో ఏమవుతుందిలే అని వాళ్ల ధీమా. పెల్లెట్ సంగతి సరే, బ్యారెల్ కింద బిగించిన సిలిండర్ సంగతేంటి? కారు టైరులో ఉండేది రెండు బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) చిల్లర. ఇందులో ఉండేది 200 బార్లు. పిల్లలకు గురి నేర్పుతారు, ఊపిరి పట్టడం నేర్పుతారు, ఇది నింపడం మాత్రం ఎవరో సీనియర్‌ని చూసి వాళ్లే నేర్చుకోవాలి. ఆ సీనియర్ ఇంకెవర్నో చూసి నేర్చుకుని ఉంటాడు.

కావలసినవి పెద్దగా లేవు. గాలికి ఒక స్కూబా సిలిండర్ (నీటి అడుగున ఈదేవాళ్లు వాడే పెద్ద గాలి సిలిండర్) గానీ చేతి పంపు గానీ ఉండాలి. మీ రైఫిల్ కంపెనీ ఇచ్చిన ఫిల్లింగ్ అడాప్టర్, నాలుగు ఓ-రింగులు (రబ్బరు వలయాలు), కొంచెం సిలికాన్ గ్రీజు, కళ్లద్దాలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఉన్న మిషన్ నూనె, బండి గ్రీజు ఈ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

ముందు సిలిండర్ మీద కొట్టిన తేదీ చూడండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టెయర్ లాంటి కంపెనీలు సిలిండర్‌కి సాధారణంగా పదేళ్ల గడువు పెడతాయి. అది దాటితే తీసి పక్కన పెట్టాల్సిందే. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల్లో కూడా సిలిండర్ గడువు చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు మనవాళ్లు స్టాక్ మీద గీతలు చూసి బేరమాడతారు, ఈ తేదీ మాత్రం చూడరు. సొట్ట ఉన్నా, బిగించే మరలు ఉన్నచోట తుప్పు గానీ అరుగుదల గానీ కనిపించినా నింపొద్దు.

అడాప్టర్ చేత్తోనే బిగించండి. స్పానర్ వద్దు, టెఫ్లాన్ టేపు అసలే వద్దు. గాలిని ఆపేది ఓ-రింగు, మీ బలం కాదు. బ్లీడ్ స్క్రూ (పైపులో గాలి బయటికి వదిలే స్క్రూ) మూసి ఉందో లేదో చూసుకోండి.

ఇక అసలు పని. స్కూబా సిలిండర్ వాల్వ్ తెరవడం. గొడవలన్నీ ఇక్కడే జరుగుతాయి.

మీ స్కూబా సిలిండర్‌లో 232 బార్లో 300 బార్లో ఉంటుంది. రైఫిల్ సిలిండర్ తట్టుకునేది 200. పెద్దది 10, 12 లీటర్లు, చిన్నది లీటరులో ఏ నాలుగో వంతో. వాల్వ్ తెరిచి వదిలేస్తే చిన్నదాంట్లో కూడా 300 వచ్చి కూర్చుంటుంది. 200 దగ్గర దానంతటది ఆగే ఏర్పాటు చాలా అడాప్టర్లలో ఉండదు. ఆపాల్సింది మీ చెయ్యే. అందుకే వాల్వ్‌ని వెంట్రుకవాసి తిప్పండి. సన్నగా 'స్స్' అనే చప్పుడు రావాలి, మీటర్ ముల్లు పాకుతూ లేవాలి. వంద బార్లు ఎక్కడానికి కనీసం ఒక నిమిషం పట్టాలి. చెయ్యి వాల్వ్ మీద నుంచి తీయొద్దు, ఫోన్ మోగినా సరే.

తొందరపడితే రెండు నష్టాలు. ఒకటి, ముల్లు వెనకబడుతుంది. అది 180 చూపించేసరికి లోపల అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. రెండు, గాలిని గబగబా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికి ఓ-రింగులు పాడవుతాయి, పైగా లెక్క తప్పుతుంది. వేడి మీద 200 చూపించిన సిలిండర్ చల్లారాక తగ్గుతుంది. "సార్, లీక్ అవుతోంది" అంటూ పరుగెత్తుకొస్తారు. లీకూ కాదు, పాడూ కాదు. సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేడిగా తగిలితే వాల్వ్ మూసి పది నిమిషాలు ఆగండి. నింపేటప్పుడు సిలిండర్ కొస ఎవరి వైపూ ఉండకూడదు. మీటర్ అద్దంలోకి మొహం పెట్టి చూడటం కూడా మానండి.

ఇప్పుడు చాలామంది చిన్న కరెంటు కంప్రెసర్లు కొంటున్నారు. వాటితో ఇంకో చిక్కు. కొన్నింటి మీద బార్లు, కొన్నింటి మీద పీఎస్ఐ, కొన్నింటి మీద మెగా పాస్కల్ ఉంటాయి. 200 బార్లంటే సుమారు 2900 పీఎస్ఐ, 20 మెగా పాస్కల్. ఆటో స్టాప్ 30 మీద పెట్టి ఉంటే అది 300 బార్లని అర్థం. మిషనే ఆగుతుందిలే అని టీ తాగడానికి పోయేవాళ్ల కోసం ఈ మాట.

నా పద్ధతిలో చేతి పంపుకే మొదటి మార్కు. చెమట పడుతుంది గానీ, చేతి పంపుతో పొరపాటున వంద బార్లు ఎక్కువ కొట్టినవాణ్ణి నేను చూడలేదు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అయిదు నిమిషాలకోసారి ఆపి, బ్లీడ్ స్క్రూ తిప్పి నీళ్లు కక్కించండి. పంపు కూడా చల్లారుతుంది.

చీమకుర్తి క్వారీ కంప్రెసర్‌తో పట్టించుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. అవి పది, ఇరవై బార్ల దగ్గరే ఆగిపోతాయి, పైగా నూనె ఆవిరి. దీనికి నవ్వి ఊరుకోవచ్చు. కానీ రొయ్యల హేచరీ ఆక్సిజన్ సిలిండర్ ప్రస్తావన వస్తే నాకు నవ్వు రాదు. మన తీరం వెంట సీడు (రొయ్య పిల్లలు) ప్యాక్ చేసే ప్రతిచోటా అది దొరుకుతుంది, 150 బార్ల దాకా ప్రెషర్ ఉంటుంది, "గాలే కదా సార్" అంటారు. గాలి కాదు. ఒత్తిడిలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి కాస్త నూనె తగిలినా మంట అక్కర్లేకుండానే అంటుకుంటుంది, సిలిండర్ పేలుతుంది. ఎయిర్ రైఫిల్‌లోకి గాలి తప్ప ఇంకేదీ పోకూడదు.

ఎంత దాకా నింపాలి? సిలిండర్ మీద 200 రాసి ఉంటే చలికాలంలో 190, ఎండాకాలంలో 180. మా దగ్గర ఇదే రూలు. 25 డిగ్రీల ఏసీ గదిలో 200 నింపి, మే నెలలో కారులో వదిలేశారనుకోండి. అద్దాలు మూసిన కారు లోపల 60 డిగ్రీలైతే అది 223 అవుతుంది. 180 నింపితే 201 దగ్గర ఆగుతుంది. 60 షాట్ల మ్యాచ్‌కి, ముందు గురి సరిచూసుకోవడానికి వేసే సైటర్లకి 180 పుష్కలం. ఎక్కువ గాలి కొడితే దెబ్బ గట్టిగా తగులుతుందన్నది వట్టి భ్రమ. లోపలి రెగ్యులేటర్ 200నైనా 150నైనా ఒకే ఒత్తిడికి దించి వాల్వ్‌కి ఇస్తుంది. రెగ్యులేటర్ లేని రకాల్లో అయితే ప్రెషర్ మరీ ఎక్కువైనప్పుడు వాల్వ్‌ని కొట్టి తెరిచే లోపలి సుత్తి దెబ్బకి అది సరిగా తెరుచుకోక పెల్లెట్ ఇంకా నెమ్మదిగా పోతుంది. చప్పుడు మొద్దుబారి, పెల్లెట్లు గురికి కిందుగా పడుతుంటే అనుమానించాల్సింది అదే.

రెగ్యులేటర్ ఉన్న రైఫిల్‌లో గుర్తు వేరు. పది నిమిషాలు ఊరికే ఉంచి కాల్చిన మొదటి షాట్ పెద్ద చప్పుడుతో పైకి పోయి, తర్వాతవి మామూలుగా పడుతుంటే రెగ్యులేటర్ లీకై ప్రెషర్ లోపలికి పాకుతోందన్నమాట. ఇది సర్వీస్ సెంటర్ పని, ఇంట్లో విప్పొద్దు.

ముల్లు ఎర్ర గీత దాటిందా? వాల్వ్ మూసి, ముందు బ్లీడ్ స్క్రూ మెల్లగా తిప్పి పైపులో గాలి వదిలి, అప్పుడే అడాప్టర్ విప్పండి. చేత్తో తిరగకపోతే ఇంకా ప్రెషర్ ఉందని అర్థం, కటింగ్ ప్లేయర్ తేవొద్దు. తర్వాత రైఫిల్‌తో ఇచ్చిన గాలి వదిలే స్క్రూ పెట్టి, ఆరుబయట, కొస ఖాళీ స్థలం వైపు ఉంచి కొంచెం కొంచెంగా 180కి దించండి. చెవులు మూసుకునే మఫ్‌లు పెట్టుకోండి. పూర్తిగా ఖాళీ అయినా ముల్లు సున్నాకి రాకపోతే మీటర్ పోయినట్టే, ఆ సిలిండర్ మళ్లీ నింపొద్దు.

పోటీలకి రేణిగుంటలోనో చెన్నైలోనో విమానం ఎక్కేవాళ్లు ఇదే స్క్రూతో సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ చేసి, రైఫిల్ నుంచి విప్పి విడిగా పెట్టెలో పెట్టుకోండి. ఆ స్క్రూ కూడా పెట్టెలోనే ఉండాలి, చెకింగ్‌లో ఖాళీదేనని చూపించమంటారు.