యుద్ధ వ్యతిరేక ర్యాలీ గురించి జనం ఏమనుకుంటున్నారో ఎలా తెలుసుకోవాలి

ముందు ఎంతమంది వచ్చారో చూడండి, కానీ ఒకవైపు లెక్కే నమ్మొద్దు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో జనం కదిలినప్పుడు పోలీసులు ఏడున్నర లక్షలన్నారు, నిర్వాహకులు 20 లక్షల దాకా చెప్పారు. రెండూ పక్కపక్కనే రాసుకోండి.

తర్వాత ఇంట్లో ఉండిపోయినవాళ్ల సంగతి. అసలు కష్టం ఇక్కడే. 1969 అక్టోబర్‌లో వియత్నాం యుద్ధం ఆపమని అమెరికా అంతటా లక్షలమంది బయటికొచ్చారు, నవంబర్ 3న అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో 'మౌనంగా ఉన్న మెజారిటీ', అంటే వీధికెక్కని జనం, మద్దతు కోరారు, దాంతో ఆయనకు ఆదరణ పెరిగింది కూడా. అప్పటికే ఆ యుద్ధం పొరపాటని సర్వేల్లో ఎక్కువమంది చెబుతున్నా సరే! యుద్ధం నచ్చనివాళ్లకి ర్యాలీ కూడా నచ్చకపోవచ్చన్నమాట. అందుకే యుద్ధం గురించి ఒక ప్రశ్న, ర్యాలీ గురించి ఇంకో ప్రశ్న, విడివిడిగా అడగండి.

ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్న మనిషిని యుద్ధం కోరేవాడి కింద రాసేయకండి, దయచేసి. రెండు నిమిషాలు ఆగి వినండి, సైన్యంలో ఉన్న కొడుకు గురించి చెప్పినా చెప్పొచ్చు.